మంచుదారిలో మినుకుమను దీపము

మన కృష్ణాతీరమున మంచు అను మాటకు భయము లేదు. ధనుర్మాసమున వేకువజామున చేమంతిరేకుల మీద నిలుచునదియు మంచే. బందరుకాలువ మీద తెరవలె లేచునదియు మంచే. చిక్కుడుపాదు పూత రాలినపుడు అత్తగారు తిట్టిపోయునదియు ఆ మంచునే. పొద్దు బారెడెక్కుసరికి అది యెక్కడికి పోవునో పోవును. మన యాడుబిడ్డలు కాపురములు చేయుచున్న దూరదేశములలోని మంచు వేరు. అది కురియును, పేరుకొనును, రాయివలె గట్టిపడును, వారముల తరబడి కదలదు. ఈ రెండింటికిని మనకొక్కటే మాట యగుటచేత, "ఇచ్చట మంచు పడుచున్నదమ్మా" అని బిడ్డ ఫోనులో చెప్పగానే తల్లి మన మంచునే తలచుకొని, "చెవులకు గుడ్డ కట్టుకొమ్ము తల్లీ" యని ఊరకుండును. మేమును మొన్నటివరకు అట్లే యుంటిమి.

గత ధనుర్మాసమున నొకనాటి తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు, మేము ముగ్గుగిన్నె చేతబట్టుకొని వాకిట నిలిచియుండగా ఫోను మ్రోగెను. మా యిల్లు బెంజ్ సర్కిల్‌కు కూతవేటు దూరము. ఆ వేళ రహదారి మీది లారీల రొద తప్ప వేరు చప్పుడుండదు. పిలిచినది మా చెల్లెలు. ఆమె కాపురము అమెరికాలో, మిషిగాన్ రాష్ట్రమున, డెట్రాయిట్ నగరపు శివారున. అచ్చట అప్పటికి ముందునాటి సాయంకాలము ఆరుగంటలు. ఉద్యోగము ముగించుకొని, మూడేండ్ల కుమారుని పిల్లలను చూచుకొను బడినుండి తీసికొని యింటికి పోవుచుండగా ఒక వాలులో కారు జారినదట. అతికష్టము మీద పెట్రోలుబంకు ప్రక్కన నిలిపినదట. మరిది పనిమీద పొరుగూర నుండెను. ఆయన ఫోను కలియలేదు.

"అక్కా, ఎదుట పసుపు దీపమొకటి మినుకుమినుకుమన్నది. ఇంకొకటి ఆరనే ఆరదు. బండి చెడిపోయినదేమో! బయట మోకాలిలోతు మంచు. వీడు వెనుక నిద్రపోవుచున్నాడు. అమ్మతో చెప్పకు" అని ఒక్క గ్రుక్కలో అనెను. ఆ కడపటి మాటతో మాకు కాళ్లు తేలిపోయినవి. చిన్ననాడు చెట్టుమీదినుండి పడి చేయి విరుగగొట్టుకొన్నపుడును అది మొదట చెప్పిన మాట అదియే.

మా యింటివారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుదురు. నిద్రనుండి లేపగా ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. "ఎఱ్ఱదీపమా, పసుపుదీపమా?" యనునది మొదటిది. "మినుకుచున్నదా, నిలకడగా వెలుగుచున్నదా?" యనునది రెండవది. మేము అప్పటికి ఆరేండ్లుగా కారు నడుపుచున్నవారమే. అయినను ఆ రెండు ప్రశ్నలలో నింత విషయమున్నదని ఎఱుగము.

కారులో చక్రము వెనుక, మన కన్నులకెదురుగా వెలుగు బొమ్మలకు ఒక వర్ణధర్మము కలదు. ఆకుపచ్చయు నీలమును సమాచారమునకు మాత్రమే: దీపములు వేసితివి, మలుపు సంజ్ఞ పెట్టితివి అని చెప్పును. పసుపురంగు హెచ్చరిక: ఏదియో జరుగుచున్నది, మెలకువతో నుండుము, తీరికగా చూపించుము అని. ఎఱుపు మాత్రము ఆజ్ఞ. ఇంజను చమురు ఒత్తిడి తగ్గినను, నీరు మరిగిపోవుచున్నను, బ్రేకునూనె తగ్గినను ఎఱ్ఱదీపమే వెలుగును. అది కనబడినపుడు ఇల్లు రెండు ఫర్లాంగులే కదా యని పోరాదు. క్షేమమైన చోట ప్రక్కకు తీసి నిలుపవలెను.

మా చెల్లెలి కారులో మినుకుమన్న బొమ్మ ఒక చిన్నకారును, దాని వెనుక పామువలె మెలికలు తిరిగిన రెండు గీతలును. అది జారుడును పట్టి సరిదిద్దు ఏర్పాటునకు గుర్తు. ట్రాక్షన్ కంట్రోల్ అందురు. ఆ దీపము మినుకుమన్నదనగా యంత్రము చెడినదని కాదు. ఆ క్షణమున అది పని చేయుచున్నదని. నిలకడగా వెలిగినపుడు మాత్రమే అది ఆపివేయబడినదనియో, చెడినదనియో అర్థము. భయపడవలసినచోట ధైర్యమును, ధైర్యపడవలసినచోట భయమును పుట్టించు దీపమిదియొక్కటే యని మాకు తోచును.

ఆ ఏర్పాటు పనిచేయు తీరు సులభముగనే చెప్పవచ్చును. ప్రతి చక్రము దగ్గరను దాని వేగమును కనిపెట్టు చిన్న సెన్సారుండును. అది చక్రమెంత వేగముగ తిరుగుచున్నదో క్షణక్షణమును కారులోని కంప్యూటరునకు చెప్పుచుండును. నాలుగు చక్రములు ఇంచుమించు సమానముగ తిరుగుచున్నంతసేపు అంతయు సరియే. ఇంజను త్రిప్పు చక్రము మిగిలినవానికంటె హఠాత్తుగా వేగముగ తిరిగినదనుకొనుడు; అది నేలను పట్టలేక జారుచున్నదన్నమాట. అప్పుడా కంప్యూటరు ఆ చక్రమునకు బ్రేకు కొంచెముగ వేయును, ఇంజను బలమును తగ్గించును. నడుపువారి కాలు ఆక్సిలరేటరు మీద నున్నను బండి వినదు. తెలియనివారు "ఇంజనులో సత్తువ లేదు" అని మరింత త్రొక్కుదురు. త్రొక్కరాదు.

ఐతే ఆ యంత్రము లేని పట్టును పుట్టింపలేదు. కారు టైరు నేలను తాకు చోటు అరచేయంత మాత్రమే. ఆ నాలుగు అరచేతుల మీదనే బండియు, అందులోని ప్రాణములును ఆధారపడియున్నవి. మనుచరిత్రము చదివిన సోదరీమణులకు ప్రవరుడు జ్ఞాపకముండును. సిద్ధుడిచ్చిన పాదలేపముతో ఆతడు హిమవంతమునకు చేరెను. మంచునీటిలో ఆ పసరు కరిగిపోగా తిరిగిరాలేకపోయెను. బాల్యమున తండ్రిగారి యొద్ద ఆ ఘట్టము చదువుకొన్నపుడు మా చూపంతయు వరూధిని రాక మీదనే. పసరు కరిగినమాట మీద నిలువలేదు. ఇప్పుడు తెలిసినది, ఆతని కష్టమంతయు పాదమునకును నేలకును మధ్య నున్న ఆ పలుచని పూతలో నున్నదని.

టైరు విషయము కూడ అట్టిదే. మన దేశమునకు తగిన రబ్బరు చలిలో బిరుసెక్కును. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు పోయినపుడు శీతకాలపు టైరులు వేయించుకొనుట మంచిదని అచ్చటివారు చెప్పుదురు. అవి చలిలోను మెత్తగ నుండి, పైని సన్నని కోతలతో మంచును కఱచి పట్టును. మూడు శిఖరముల కొండయు, దానిలో మంచుపువ్వును ముద్రించియుండుట ఆ టైరుల గుర్తు. మా చెల్లెలు "ఈ యేడు సర్దుకొందము" అని వేయించుకొనలేదట. మధ్యతరగతి కాపురములలో ఆ మాట ఎన్ని చోట్ల వినబడునో మనకు తెలియనిది కాదు. నాలుగు టైరుల ఖర్చు దానికి నాలుగు పట్టుచీరల ఖర్చువలె కనబడినది. మేమును పుట్టింటినుండి ఒక్కసారియైన అడిగినవారము కాము. పండుగకు చీర పంపితిమి, టైరుల మాట తలపునకే రాలేదు.

ఆరకుండ వెలుగుచున్న రెండవ దీపము గుఱ్ఱపులాడము వంటి గీతలో ఆశ్చర్యార్థకము గలది. అది టైరులో గాలి తగ్గినదని చెప్పును. అమెరికాలో 2007 సెప్టెంబరు తరువాతి కొత్త కారులన్నిటికిని ఆ దీపము చట్టముచే తప్పనిసరి చేసిరి. మేకు గ్రుచ్చుకొననక్కరలేదు; చలికి గాలి సంకోచించును. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గినప్పుడెల్ల సుమారు ఒక పౌండు ఒత్తిడి తగ్గును. ఆశ్వయుజమున గాలి కొట్టించి, పుష్యము వచ్చువరకు చూడకుండినచో ముప్పది డిగ్రీల తేడాకు అయిదారు పౌండ్లు పోవుట సహజము. మా యింటివారీ లెక్క చెప్పగా చెల్లెలు తొలిసారి ఊపిరి పీల్చుకొనుట మాకు ఫోనులో వినబడెను. బంకులోనే గాలియంత్రముండెను. ఆ చలిలో వ్రేళ్లు కొంకర్లు పోవుచుండగా నాలుగు టైరులకును తానే గాలి పట్టుకొనెను.

అటుపై యాయన చెప్పినవి కొన్నియే. దీపముల మీదను, వెనుకటి అద్దము మీదను, ముందు భాగమునను పేరుకొన్న మంచును తుడిచివేయుము. సెన్సారులకు మంచు కప్పినచో వానికి కన్నులు మూసినట్లే, వేరు దీపములు వెలుగును. మెల్లగా కదలుము. ముందుబండికి చాలదూరమున నుండుము. మలుపులో బ్రేకు వేయక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనుము. వంతెనలకు క్రిందనుండియు గాలి తగులును గనుక రోడ్డుకంటె ముందుగా అవి గడ్డకట్టును. అచ్చట మరింత నెమ్మదిగ పొమ్ము. బ్రేకు త్రొక్కినపుడు పాదము క్రింద గడగడ వణికినచో జడిసి కాలు తీయకుము. అది చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ చేయు చప్పుడు. దానివలన స్టీరింగు మన మాట వినును గాని, వదులు మంచు మీద బండి ఆగుటకు ఒక్కొక్కప్పుడు ఎక్కువ దూరమే పట్టును.

"బావగారూ, ఎంతదూరములో ఆగును?" అని అది అడిగినది. ఆయన అక్కడనే పిల్లల పలకమీద లెక్క కట్టిరి. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి, బ్రేకు పట్టినది మొదలు, పొడిరోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగును. అణగి గట్టిపడిన మంచు మీద సుమారు 50 మీటర్లు. నున్నని మంచుగడ్డ మీద నూరు మీటర్లకు దగ్గర. మన బుద్ధికి తట్టి కాలు బ్రేకు మీదికి పోవునంతలో సాగు దూరము దీనిలో చేరలేదు. ఆ అంకెలు విని అది "ఇరవై దాటను" అని ఫోను పెట్టివేసినది.

ఇంటికి దూరము ఆరు మైళ్లు. మామూలుగా పదునైదు నిమిషముల దారి. మేము ముగ్గు మొదలిడితిమి, చుక్కలు తప్పినవి, చెరిపి మరల పెట్టితిమి, మరల తప్పినవి. పాలవాడు వచ్చి పోయెను. తూర్పు తెల్లబడెను. యాబదియెనిమిది నిమిషములకు "చేరితిమి" అని ఒక్క మాట వచ్చినది. దారిలో ఆ దీపము నాలుగుసార్లు మినుకుమన్నదట. ప్రతిసారియు "పనిచేయుచున్నది, పనిచేయుచున్నది" అని పిల్లవానికి వినబడునట్లు పైకే అనుకొన్నదట.

ఈ యేర్పాటులన్నిటి కథలో మా యూరి కూడలి పేరుకును కొంత చుట్టరికమున్నది. 1954లో టాటావారు జర్మనీలోని డైమ్లర్ బెంజ్ వారితో కూడి మన దేశమున లారీలు చేయ మొదలిడిరి. ఆ లారీల మూడుకోణముల నక్షత్రపు గుర్తునుబట్టియే బెంజ్ సర్కిల్ అను పేరు వచ్చినదని ఇచ్చటి పెద్దలు చెప్పుదురు. బ్రేకు బిగియకుండ కాపాడు ఆధునిక ఏబీఎస్‌ను బాష్ కంపెనీవారు సిద్ధపరుపగా 1978లో మొట్టమొదట ఆ నక్షత్రపు పెద్దకారులకే అమర్చిరి. జారుడుపట్టు 1980ల దశకమున వచ్చినది. ప్రక్కకు జారకుండ బండిని నిలకడగా నుంచు ఏర్పాటు 1995లో వచ్చినది. 1997లో స్వీడను దేశమున పరీక్షించుచుండగా, ఎదుట జంతువు వచ్చినట్లు తలచి హఠాత్తుగా ప్రక్కకు త్రిప్పగా అదే నక్షత్రపు చిన్నకారు బోర్లపడెను. ఆ యవమానముతో ఆ కంపెనీవారు చిన్నకారులకును ఆ ఏర్పాటు చేర్చిరి. ధనికుల బండిలోనిది సామాన్యుల బండిలోనికి వచ్చుటకు ఒకటి బోల్తా పడవలసివచ్చెను! అమెరికాలో 2011 సెప్టెంబరు తరువాతి కొత్త కారులన్నిటికిని అది తప్పనిసరి. మన దేశమున ఏబీఎస్ మాత్రము 2019 ఏప్రిలు నుండి కొత్తకారులన్నిటికిని తప్పనిసరి చేసిరి.

మంచు లేదు గదా మనకేల యని కొందఱు సోదరీమణులు అనుకొనవచ్చును. మా సంగతి చెప్పెదము. మేము కొన్నది ఒకరు వాడిన కారు. కొనునప్పుడు చక్కగ తుడిచి చూపిరి. ఎదుట ఒక్క హెచ్చరికదీపమైనను లేదు. మేమెంతో సంతసించితిమి. తొలకరి పడిన మొదటి రోజున, ఎండకాలమంతయు రోడ్డున కారిన చమురు వాననీటిలో తేలి, కూడలి వద్ద దారి నున్నగా నుండెను. ముందు ఆటో నిలువగా మేము బ్రేకు త్రొక్కితిమి. చక్రములు బిగిసిపోయి కారు పడవవలె జారి దాని వెనుకభాగమును తాకెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. ఆటో నడుపు నాతడు మా చీరను, కారును మార్చి మార్చి చూచి ఏమేమో అనెను; వ్రాయదగినది కాదు. తరువాత వేరొక మరమ్మతువాడు విప్పి చూడగా, ఏబీఎస్ ఎన్నడో చెడినదనియు, దాని దీపము వెలుగకుండ ఎవరో తీగ తీసివేసిరనియు తేలెను.

కావున కారు కొనువారును నడుపువారును ఈ చిన్న పరీక్ష చేయవలెను. తాళపుచెవి త్రిప్పగానే, ఇంజను కదలకముందు, ఈ హెచ్చరికదీపములు కొన్ని క్షణములు వెలిగి ఆరవలెను. ఆరని దీపము రోగము చెప్పుచున్నది. ఆ క్షణములోనైన వెలుగని దీపము అబద్ధము చెప్పుచున్నది. ఏబీఎస్‌కును జారుడుపట్టుకును చక్రముల వద్ద సెన్సారులు ఒక్కటే గనుక, ఒకటి చెడినచో రెండవది కూడ తరచుగ మూలబడును.

ఇక మంచులో బండి కూరుకొనిపోయినప్పటి సంగతి వేరు. దివిసీమ గట్లమీద రేగడిబురదలో బండి దిగబడినపుడు మనవారు చక్రము క్రింద వరిగడ్డియో గోనెసంచియో పఱచి, ముందుకు వెనుకకు ఊపి లాగుట మన మెఱిగినదే. మంచులోను అదే ఉపాయము. గడ్డికి బదులు ఇసుక. ఐతే కూరుకొన్న చక్రము కొంత తిరుగనిదే బయటపడదు. జారుడుపట్టు దానిని తిరుగనీయదు. అందుచేత అప్పుడు మాత్రము ఆ మెలికగీతల బొమ్మయున్న మీటను నొక్కి దానిని ఆపి, మెల్లగా ముందుకు వెనుకకు ఊపి, బయటపడిన వెంటనే మరల వేసికొనవలెను. ఆపినంతసేపు ఆ దీపము నిలకడగా వెలుగుచుండును, మఱచిపోకుండుటకే.

ఎంత ఊపినను కదలనపుడు ప్రాణాపాయము చలివలన మాత్రమే కాదు. వెచ్చదనమునకై ఇంజను నడుపుచు లోపల కూర్చున్నచో, వెనుకటి పొగగొట్టము మంచులో పూడుకొనిపోయి విషవాయువు లోపలికి వచ్చును. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రవలె వచ్చును. కావున ముందు గొట్టము చుట్టు మంచు తీసివేయవలెను. ఇంజను కొంతకొంతసేపే నడుపవలెను. ఒక కిటికీ రవంత తెఱచియుంచవలెను. 2022 డిసెంబరులో అమెరికాలోని బఫెలో నగరప్రాంతమున వచ్చిన మంచుతుపానులో నలుబదిమందికి పైగా మరణించిరి. వారిలో కొందఱు దారిలో చిక్కుకొన్న కారులలోనే పోయిరి. ఆ దినములలో అచ్చటి సర్కారు "బయలుదేరవద్దు" అనినపుడు బయలుదేరకుండుటకు మించిన యంత్రము ఏ కంపెనీయు చేయలేదు. మా చెల్లెలి ఊరిలో మంచు కరిగించుటకు రోడ్లమీద ఉప్పు చల్లుదురు. డెట్రాయిట్ నగరము క్రిందనే వేయి అడుగులకు మించిన లోతున ఉప్పుగని యున్నది. అయినను చలి మైనస్ 9 డిగ్రీలు దాటినపుడు ఆ ఉప్పునకును శక్తి తగ్గిపోవును.

మనకు నీరే మంచు. 2024 సెప్టెంబరు 1వ తేదీని బుడమేరు పొంగినపుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని కారులు కప్పువరకు మునిగెనో చూచినారము. నీరు తీసిన తరువాత ఆశతో తాళము త్రిప్పినవారి బండ్లలో కొన్ని అప్పుడే పూర్తిగ పాడయ్యెను. గాలివలె నీరు అణగదు. ఇంజనులో నీరుండగా త్రిప్పినచో లోని కడ్డీలు వంగిపోవును. మునిగిన కారును దీపములు వెలుగునా యని చూచుటకైనను త్రిప్పక, లాగించుకొని పోవలెను.

అమ్మతో చెప్పకుమన్నమాట రెండు నెలలు నిలిచినది. మాఘములో పామర్రునుండి అమ్మ మా యింటికి వచ్చినపుడు పిల్లవాడే వీడియోలో "అమ్మమ్మా, పనిచేయుచున్నది, పనిచేయుచున్నది" అని ఆటవలె అనుచుండగా సంగతి బయటపడెను. అమ్మ కోపపడలేదు. అంతయు విని, ఆ బొమ్మ ఎట్లుండునో కాగితము మీద గీయుమని మా వారినడిగినది. టైరుల వెల యెంతయని చెల్లెలినడిగినది. మొన్న ఉగాదికి దానికి చీర పంపలేదు. ఆ సొమ్ము టైరుల ఖాతాకు పోయినది.

ఇప్పుడు మా కారులో అమ్మ ముందుసీటు దిగదు. తాళము త్రిప్పగానే వంగి చూచి, "ఎఱ్ఱది ఆరినది, పసుపువి రెండు ఆరినవి, ఇంకొకటి ఉండవలెనే" అని లెక్కపెట్టును. అన్నియు ఆరిన తరువాతనే బెంజ్ సర్కిల్ వైపు కదలుటకు మాకు సెలవిచ్చును.